దాత అండంతో చికిత్స చేసే మంచి క్లినిక్‌ను ఎలా గుర్తుపట్టాలి?

1. ఎదురుచూపు_38

మాది రాజమండ్రి. నాకు 38 ఏళ్లు, పెళ్లయి 11 ఏళ్లు. రెండుసార్లు ఐవీఎఫ్ (అండాన్నీ వీర్యాన్నీ ల్యాబ్‌లో కలిపి పిండం చేసే చికిత్స) చేయించుకున్నాం. మొదటిసారి రెండు అండాలు వచ్చాయి, రెండోసారి ఒక్కటీ రాలేదు. దాత అండంతో తప్ప అవకాశం లేదని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చెప్పారు. మేమిద్దరం ఏడాదిపాటు మాట్లాడుకుని అందుకు సిద్ధపడ్డాం, కాబట్టి ఆ నిర్ణయం మంచిదా కాదా అని ఇక్కడ అడగడం లేదు.

నా ప్రశ్న క్లినిక్ గురించి. పోయిన నెల ఒకచోటికి వెళ్తే, "డోనర్ సంగతి మేం చూసుకుంటాం, మీరు డబ్బు కట్టి చెప్పిన తేదీకి రండి" అన్నారు. ఆమె వయసెంత, ఏయే పరీక్షలు చేశారు, ఎవరి ద్వారా వస్తోంది అని అడిగితే, అవన్నీ రహస్యమనీ, చట్టం ఒప్పుకోదనీ చెప్పారు. చేతికిచ్చిన ప్యాకేజీ కాగితంలో మందులు, థియేటర్ ఛార్జీ, మత్తు డాక్టరు ఫీజు, వాటి కిందనే "డోనర్ – 1" అని రాసి ఎదురుగా ఒక మొత్తం వేసి ఉంది. ఆ వరసలో ఒక మనిషిని చూశాక నాకు మనసు కుదుటపడలేదు. అడ్వాన్సు కట్టకుండా తిరిగి వచ్చేశాం.

దాతల కార్యక్రమాన్ని సవ్యంగా నడిపే క్లినిక్ ఎలా ఉంటుంది? ఏం అడిగితే తెలుస్తుంది?

2. కరీంనగర్_కె

సక్సెస్ రేటు అడగండి. వాళ్లు చెప్పిన దాంట్లో సగం నమ్మండి. మేం నాలుగేళ్లు తిరిగి నేర్చుకున్నది అంతే.

3. పిండశాల

ల్యాబ్‌లో పిండాల పని చూసే ఎంబ్రియాలజిస్టుగా 14 ఏళ్ల నుంచి పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మీకు చెప్పిన దాంట్లో సగం నిజం, సగం సాకు. దాత పేరు, చిరునామా మీకు చెప్పకూడదన్నది నిజం. వయసు, రక్తం గ్రూపు, ఎత్తు, చదువు, పరీక్షల ఫలితాలు చెప్పకూడదన్నది మాత్రం సాకు. 2021 నాటి ఏఆర్‌టీ చట్టం, అంటే సంతాన సాఫల్య చికిత్సల చట్టం ప్రకారం అండ దాతకు 23 నుంచి 35 ఏళ్ల మధ్య వయసు ఉండాలి, ఆమె జీవితంలో ఒక్కసారే అండాలు ఇవ్వాలి, ఆ ఒక్కసారి కూడా ఏడు అండాలకు మించి తీయకూడదు. ఒక దాత అండాలను ఒకే జంటకు ఇవ్వాలి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి. మంచి చోట వీటితోపాటు తలసీమియా, క్రోమోజోముల పరీక్ష కూడా చేస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఇంకొకటి ఉంది. దాతను వెతికి, పరీక్షించి, నమోదు చేయవలసింది క్లినిక్ కాదు, విడిగా రిజిస్టరైన ఏఆర్‌టీ బ్యాంకు. కాబట్టి "మేం చూసుకుంటాం" అన్నప్పుడు మీరు వేయవలసిన మొదటి ప్రశ్న, "ఏ బ్యాంకు, దాని రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?" అన్నదే. సవ్యంగా నడిచే చోట ఆ జవాబు ఒక్క నిమిషంలో వస్తుంది. రిజిస్ట్రేషన్ పత్రం అందరికీ కనిపించేలా గోడకు వేలాడదీయాలన్నది కూడా నిబంధనే. లెవెల్ 1 అని ఉంటే అక్కడ ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) వరకే చేయాలి, ఐవీఎఫ్‌కు లెవెల్ 2 ఉండాలి. ఈ తేడా చూడకుండా డబ్బు కట్టినవాళ్లను నేను చూశాను.

కరీంనగర్ గారు చెప్పిన సక్సెస్ రేటుతో దాతల కార్యక్రమం నాణ్యత తెలియదు. దాత చిన్న వయసులో ఉంటుంది కాబట్టి ఫలితాలు సహజంగానే మెరుగ్గా ఉంటాయి. వాటి చాటున ఎన్ని లోపాలున్నా బయటికి కనిపించవు.

4. నాన్నకావాలి

మాది వీర్య దాత అవసరమైన కేసు. ఒక దాత ఒకే జంటకు అన్న నియమం వీర్యానికీ వర్తిస్తుందా? మా డాక్టరు ఆరు నెలల నాటి నమూనానే వాడతామన్నారు. పాతది ఎందుకు, తాజాది వాడవచ్చు కదా?

5. పిండశాల

వర్తిస్తుంది. ఆరు నెలల మాట చెప్పారంటే మీ డాక్టరు పద్ధతిగా ఉన్నారని అర్థం. వీర్యం ఇచ్చిన రోజున హెచ్‌ఐవీ పరీక్షలో ఏమీ కనిపించకపోయినా, అంతకు కొద్ది రోజుల ముందే సోకి ఉంటే అది ఆ పరీక్షకు దొరకదు. అందుకే నమూనాను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఆరు నెలలు పక్కన పెట్టి, దాతను మళ్లీ పిలిచి పరీక్షించి, అప్పుడు గాని బయటికి తీయరు. ఆరు నెలల తర్వాత దాత తిరిగి రాకపోతే ఆ నమూనాను పారేయాలి. పారేయడానికి మనసొప్పని బ్యాంకు మంచి బ్యాంకు కాదు. ఆ రెండో పరీక్ష తేదీ చూపించమని అడగండి.

6. పేరు_వద్దు

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 1వ పోస్టులో "డోనర్ – 1" అన్న మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. ఆ ఒకటి నేను.

ఈ చట్టం రాకముందు, హైదరాబాద్‌లో, నేను నాలుగుసార్లు అండాలు ఇచ్చాను. మా బస్తీలో ఒకామె తీసుకెళ్లేది. రెండుసార్లు నా పేరుతో, రెండుసార్లు వేరే పేర్లతో ఇచ్చాను. పది పన్నెండు రోజులు పొట్ట మీద ఇంజెక్షన్లు వేసేవారు. సంతకం పెట్టిన కాగితాలు ఇంగ్లిషులో ఉండేవి, వాటిలో ఏముందో నాకు ఎవరూ చదివి వినిపించలేదు. నాలుగోసారి తీసిన మూడో రోజున పొట్ట కుండలా ఉబ్బింది, మూత్రం తగ్గిపోయింది, పడుకుంటే ఊపిరి ఆడలేదు. ఆ క్లినిక్‌కు ఫోన్ చేస్తే, "ఆ పేరుతో మా దగ్గర ఎవరూ లేరు" అన్నారు. అది అబద్ధమని కూడా అనలేను, ఎందుకంటే నా పేరు వాళ్ల రికార్డులో నిజంగానే లేదు. గాంధీ ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉన్నాను.

రాజమండ్రి అక్కా, మీరు అడ్వాన్సు కట్టకుండా వచ్చేశారు చూడండి, అది నాకు చాలా పెద్ద విషయంగా అనిపించింది. నా అండాలు తీసుకున్నవాళ్లలో ఎవరైనా నా గురించి ఒక్క మాట అడిగి ఉంటారా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

7. ఎదురుచూపు_38

చెల్లీ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉంది?

8. పేరు_వద్దు

బాగానే ఉంది అక్కా. నాకు ఇద్దరు పిల్లలు, టైలరింగ్ చేసుకుంటున్నాను.

9. పిండశాల

పేరు_వద్దు గారికి వచ్చినదాన్ని ఓహెచ్‌ఎస్‌ఎస్ అంటారు. మందులకు అండాశయాలు అతిగా స్పందించి ఉబ్బుతాయి, రక్తనాళాల్లోంచి ద్రవం పొట్టలోకీ, ఊపిరితిత్తుల చుట్టూకీ చేరుతుంది. దీన్ని చాలావరకు రాకుండా ఆపవచ్చు. అండాలు పరిపక్వం కావడానికి చివర్లో ఇచ్చే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌గా హెచ్‌సీజీ బదులు అగోనిస్టు మందు వాడితే దాతలకు ఈ ప్రమాదం బాగా తగ్గుతుంది. దాతకు ఆ నెలలో పిండాన్ని అమర్చేది ఉండదు కాబట్టి ఆ మందు వాడటానికి ఏ అడ్డంకీ లేదు. అయినా పాత అలవాటు కొద్దీ, ఇంకో నాలుగు అండాలు ఎక్కువ వస్తాయన్న ఆశ కొద్దీ, మోతాదు పెంచి వాడినచోట ఇలాంటి కష్టాలు వచ్చాయి.

ఏడు అండాల పరిమితి చూసి మాలో చాలామంది మొదట్లో విసుక్కున్నారు, నేనూ విసుక్కున్నాను. ఏడింటిలో ఐదో ఆరో పరిపక్వంగా ఉంటే, వాటిలో నాలుగు ఫలదీకరణ చెందితే, ఐదో రోజుకు రెండు పిండాలు మిగలడం మా బల్ల మీద మామూలుగా చూసే లెక్క. జంటకు అది తక్కువే. కానీ ఆ పరిమితి వల్ల దాతకు మందు తక్కువ మోతాదులో సరిపోతుంది. కాబట్టి ఎదురుచూపు గారూ, "దాతకు ఏ ట్రిగ్గర్ ఇస్తారు, ఆ తర్వాత ఎన్ని రోజులు ఫోన్ చేసి కనుక్కుంటారు?" అని అడగండి. మీ చికిత్స గురించి అడిగితే ఎవరైనా తీయగానే చెబుతారు. ఆమె గురించి అడిగినప్పుడు వచ్చే జవాబును బట్టే క్లినిక్ ఎలాంటిదో తెలుస్తుంది.

10. చట్టం_చదువరి

హనుమకొండలో న్యాయవాదిని. పిండశాల గారి మాటలకు కొంచెం చేర్పు.

6వ పోస్టులో చెప్పినట్టు బస్తీలోంచి ఒకరు దాతలను తీసుకురావడం, అంటే మధ్యవర్తుల ద్వారా దాతలను తెచ్చుకోవడం, ఇప్పుడు నేరం. మొదటిసారి దొరికితే 5 నుంచి 10 లక్షల రూపాయల జరిమానా, మళ్లీ దొరికితే 3 నుంచి 8 ఏళ్ల జైలు, దాని మీద 10 నుంచి 20 లక్షల జరిమానా. దాత ఆధార్ నంబరును బ్యాంకు తీసుకోవాలన్న నిబంధన కూడా వేరే పేర్లతో పదేపదే ఇచ్చే పరిస్థితి రాకుండా పెట్టిందే. అండ దాత పేరున 12 నెలల బీమా తీసి దాని ఖర్చు చికిత్స చేయించుకునే జంట భరించాలి. మీరు కట్టే డబ్బులో ఆ ప్రీమియం ఉంటుంది, కాబట్టి పాలసీ చూపించమని అడిగే హక్కు మీకుంది. పేరు చెరిపేసి చూపించవచ్చు, తప్పులేదు.

ఇక ప్రతి క్లినిక్, ప్రతి బ్యాంకు ఫిర్యాదుల విభాగం పెట్టాలి, చికిత్స పూర్తయ్యాక ఏం చేశారో రాసిన డిశ్చార్జి పత్రం ఇవ్వాలి. జంటకు పుట్టిన బిడ్డ చట్టం దృష్టిలో ఆ జంట సొంత బిడ్డే, దాతకు ఏ హక్కూ, ఏ బాధ్యతా ఉండవు. ఈ ఒక్క వాక్యం దాతకు ముందే తెలుగులో చదివి వినిపించే చోటు చూసుకోండి.

11. విశ్రాంత_మాస్టారు

2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల తల్లికి కవలలు పుట్టిన వార్త నాకు గుర్తుంది, అది కూడా దాత అండాలతోనే. అప్పుడు అందరూ మిఠాయిలు పంచుకున్నారు గానీ, ఆ పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి ఇంట్లో ఎవరుంటారని నాకు బెంగగా అనిపించింది. ఇప్పుడూ అలా చేయవచ్చా?

12. చట్టం_చదువరి

చేయకూడదు మాస్టారూ. ఆ వార్త వచ్చేనాటికి వయసు పరిమితి చెప్పే చట్టమే లేదు. 2022 జనవరి నుంచి ఏఆర్‌టీ సేవలకు స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్లు అని నిర్ణయించారు.

13. శ్రీకాకుళం_సుధ

దాత గురించి నడుస్తున్న చర్చలో సరోగసీ (ఇంకో స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడం) గురించి అడగవచ్చో లేదో తెలియదు, కానీ రెండూ ఒకే గూటి విషయాలు కాబట్టి అడుగుతున్నాను. మా అక్కకు కాన్పులో గర్భసంచి తీసేశారు, బిడ్డ దక్కలేదు. ఒక క్లినిక్ వాళ్లు, "సరోగేట్‌ను మేమే ఏర్పాటు చేస్తాం, కానీ మీరు ఆమెను చూడకూడదు, తొమ్మిది నెలల తర్వాత బిడ్డను అప్పగిస్తాం" అంటున్నారు. మా బావ ఒప్పుకునేలా ఉన్నాడు.

14. చట్టం_చదువరి

దయచేసి ఒప్పుకోనివ్వకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది.

సరోగసీ మొదలుపెట్టే ముందే, పుట్టబోయే బిడ్డ ఎవరి బిడ్డ, ఎవరి సంరక్షణలో ఉంటుంది అని మొదటి తరగతి మేజిస్ట్రేటు కోర్టు నుంచి ఉత్తర్వు తీసుకోవాలి. ఆ దరఖాస్తును బిడ్డ కావలసిన దంపతులూ, మోయబోయే తల్లీ కలిసి పెట్టాలి. ఒకే దరఖాస్తు మీద సంతకం పెట్టే మనిషిని చూడకూడదని ఎవరైనా అంటే, ఆ దరఖాస్తే ఉండదన్నమాట. అండ దాత విషయంలో గోప్యత ఉంది, సరోగేట్ విషయంలో ఇలాంటి దాపరికం లేదు.

2025 జులైలో సికింద్రాబాద్ కేసు చదివే ఉంటారు. సరోగసీ బిడ్డ అని నమ్మి లక్షలు పోసిన దంపతులు తర్వాత డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే, బిడ్డకూ వాళ్లకూ రక్తసంబంధం లేదని తేలింది. ఎవరో పేద తల్లి కన్న బిడ్డను తెచ్చి ఇచ్చారన్నది పోలీసుల అభియోగం. ఆ దంపతుల్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. కానీ మేజిస్ట్రేటు ఉత్తర్వు ఏదీ, జిల్లా మెడికల్ బోర్డు ధ్రువపత్రం ఏదీ అని మొదటి వారంలోనే అడిగి ఉంటే, ఆ దారిలో అంతదూరం వెళ్లవలసి వచ్చేది కాదు.

మీ అక్కగారిది చట్టం స్పష్టంగా ఒప్పుకునే కారణమే. గర్భసంచి లేకపోవడం నిబంధనల్లో మొదటి వరసలో ఉంది. వయసు 23 నుంచి 50 మధ్య, బావగారికి 26 నుంచి 55 మధ్య ఉంటే, ముందు జిల్లా మెడికల్ బోర్డు దగ్గరికి వెళ్లండి. సరోగేట్‌గా ఉండే స్త్రీ 25 నుంచి 35 ఏళ్ల మధ్య, పెళ్లయి, సొంత బిడ్డ ఉన్నామె అయి ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఉండాలి. తన అండం ఇవ్వకూడదు.

15. కరీంనగర్_కె

అందరూ చట్టాన్ని మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. సరోగేట్‌కు వైద్య ఖర్చులూ బీమా తప్ప ఏమీ ఇవ్వకూడదన్నారు. డాక్టరుకు ఫీజు, ల్యాబుకు ఫీజు, వకీలుకు ఫీజు, బీమా కంపెనీకి ప్రీమియం, తొమ్మిది నెలలు మోసిన మనిషికి మాత్రం పుణ్యం. ఇందులో న్యాయం ఎక్కడుంది? మా దూరపు చుట్టాల్లో ఒకామెను ఇంటిల్లిపాదీ కూర్చుని ఒప్పించారు. బయటి మనిషైతే కాదని లేచిపోయేది, కోడలు కాబట్టి లేవలేకపోయింది. డబ్బు తీసుకుని ఇష్టంగా చేసేదానికంటే అది మంచిదని నేననుకోను.

16. కృష్ణలంక_అక్క

కరీంనగర్ గారూ, మీరు చెప్పిన కోడలిని నేను. మీ చుట్టం కాదు గానీ, అదే స్థానంలో ఉన్నదాన్ని. 2023లో మా వారి అక్క, అంటే మా వదిన కోసం బిడ్డను మోశాను. అప్పుడు నాకు 31 ఏళ్లు, మా బాబుకు ఐదేళ్లు.

మీరు అన్న భయం నిజమే. మా అత్తగారు అడిగినప్పుడు నేను వెంటనే సరే అన్నాను, ఆ సరేలో ఎంత ఇష్టం ఉందో ఎంత మొహమాటం ఉందో నాకే తెలియదు. దాన్ని విడదీసి చూసింది ఆ క్లినిక్‌లోని కౌన్సెలర్. మా వారినీ, వదిననూ, అత్తగారినీ బయట కూర్చోబెట్టి తలుపు వేసింది. నీళ్లు ఇచ్చింది. "ఇప్పుడు నువ్వు వద్దు అంటే, నీ గర్భసంచి ఈ పనికి అనువుగా లేదని మేమే మీ వాళ్లకు చెబుతాం. నువ్వు కాదన్నావని ఎవరికీ తెలియదు" అంది. ఆ మాట వినగానే ఏడ్చేశాను. అప్పుడు ఆమె నన్ను ఒప్పించలేదు, ఊరడించనూ లేదు, "వారం తర్వాత మళ్లీ రా, ఒక్కదానివే రా" అని పంపేసింది. మూడుసార్లు వెళ్లాను. మూడోసారి నాకు నేనుగా చేయాలనిపించింది, చేశాను. తలుపు వేసిన ఆ గది లేని చోట ఈ పని చేయకూడదని నా నమ్మకం.

పిండాన్ని అమర్చేవరకు ఎప్పుడైనా వెనక్కి తగ్గవచ్చని తెలుగులో రాసిన కాగితం చదివించి సంతకం చేయించుకున్నారు. మా వదిన రెండు పిండాలు పెట్టమని బతిమాలింది, కవలలు పుడితే ఒకేసారి ఇల్లు నిండుతుందని ఆమె ఆశ. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. "ఆమె పొట్టలో ఒక్కటే పెడతాను, అదే నిబంధన, నాకూ అదే మంచిదనిపిస్తుంది" అని వదిన ముందే చెప్పింది.

కాన్పు తర్వాత నాలుగో రోజు తెల్లవారుజామున పాలు పడ్డాయి. బిడ్డ వదిన ఇంట్లో ఉంది. ముందు రోజు పాలు ఆగడానికి మాత్ర ఇచ్చారు కానీ ఇంకా పని చేయలేదు. రవికె తడిసిపోయి, ఎవరిని లేపాలో తెలియక మంచం మీద కూర్చున్నాను. ఎనిమిదింటికి కౌన్సెలర్ తనంతట తాను ఫోన్ చేసింది. "ఇవాళ పాలు పడి ఉంటాయి, ఎలా ఉన్నావు?" అని అడిగింది. ఆ తేదీ ఆమె ముందే తన డైరీలో రాసుకుందట.

నాకు 36 నెలల బీమా తీశారు. 14వ నెలలో ఆపరేషన్ కుట్టు దగ్గర హెర్నియా వచ్చింది, ఆ బీమా మీదే చేయించుకున్నాను. ఆరు నెలల బీమా అయి ఉంటే ఆ ఖర్చు మా ఇంటి మీద పడేది.

17. కరీంనగర్_కె

అక్కా, మీరు రాసింది చదివాక నా మాటలో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఉంచుకుంటాను. ఆ కౌన్సెలర్ లాంటి మనిషి ప్రతి చోటా ఉండదు, చట్టం మాత్రం ప్రతి చోటా ఒకటే.

18. కృష్ణలంక_అక్క

ఆ సగం ఉంచుకోండి, అది సరైనదే. నా తొమ్మిది నెలల కూలి పోయిన మాట నిజం. నేను బట్టల షాపులో పనిచేసేదాన్ని. వదినవాళ్లు ఇంటి ఖర్చుకు సాయపడ్డారు కాబట్టి గడిచింది, అదే బయటివాళ్లకైతే ఎలా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

19. చట్టం_చదువరి

చిన్న సమాచారం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2024 జూన్ నుంచి సరోగసీకి కూడా 180 రోజుల ప్రసూతి సెలవు ఇస్తున్నారు. ఇద్దరి కంటే తక్కువ పిల్లలున్న పక్షంలో, బిడ్డను మోసిన ఉద్యోగినికీ, బిడ్డను పొందిన ఉద్యోగినికీ ఇది వర్తిస్తుంది. బట్టల షాపులో పనిచేసే అక్కకు అది వర్తించదు, అందుకే కరీంనగర్ గారి సగం నిలబడుతుంది.

20. నెల్లూరు_నవీన

సరోగసీలో దాత అండం వాడకూడదని మాకు 2023లో చెప్పి ఫైలు మూసేశారు. ఇప్పుడు మారిందా?

21. చట్టం_చదువరి

మారింది. 2023 మార్చిలో నిబంధన మార్చి దాత అండాన్నీ, వీర్యాన్నీ వద్దన్నారు. గర్భసంచీ, అండాశయాలూ పని చేయని స్త్రీలకు దాంతో దారి మూసుకుపోయింది, కొందరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ సవరించారు. భార్యాభర్తల్లో ఒకరికి వైద్య కారణం ఉందని జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే, ఆ ఒకరి వైపు దాతను వాడవచ్చు. రెండో వైపు మాత్రం సొంతదే ఉండాలి. వితంతువు లేదా విడాకులు తీసుకున్న స్త్రీ అయితే తన సొంత అండం, దాత వీర్యం వాడాలి. మీ ఫైలు మళ్లీ తెరిపించండి. 2024లోనే మీ క్లినిక్ వాళ్లు మీకు ఫోన్ చేసి ఉండవలసింది. నిబంధన మారినప్పుడు పాత ఫైళ్లు తిరగేసి కబురు చేసే చోటును నేను మంచి క్లినిక్ అంటాను.

22. లీడ్స్_లక్ష్మి

ఇంగ్లండులో నర్సును, ఇలాంటి క్లినిక్‌లో ఆరేళ్లు పనిచేశాను. ఇక్కడి పద్ధతిలో రెండు విషయాలు మన దగ్గర ఉంటే బాగుండునని అనిపిస్తుంది.

ఒకటి, క్లినిక్‌లను హెచ్‌ఎఫ్‌ఈఏ అనే సంస్థ తనిఖీ చేసి ఆ నివేదికను అందరూ చదివేలా తన వెబ్‌సైటులో పెడుతుంది. ఎక్కడ లోపం ఉందో, ఎప్పటిలోగా సరిదిద్దాలో అందులో ఉంటుంది. ఎదురుచూపు గారు అడిగిన ప్రశ్నకు ఇక్కడైతే సగం జవాబు ఇంట్లో కూర్చునే దొరుకుతుంది.

రెండోది, బిడ్డ వైపు నుంచి ఆలోచించడం. 2005 ఏప్రిల్ 1 తర్వాత నమోదైన దాతల వల్ల పుట్టిన పిల్లలు 18 ఏళ్లు నిండాక దాత ఎవరో తెలుసుకోవచ్చు. దాతకు ఈ విషయం మొదటి రోజే చెబుతారు, ఇష్టం లేనివాళ్లు అక్కడే ఆగిపోతారు. అండ దాతకు ఖర్చుల కింద ఒక పరిమితి వరకు డబ్బు ఇస్తారు, ఆ పరిమితిని క్లినిక్ ఇష్టానికి వదిలిపెట్టరు. కరీంనగర్ గారు అడిగిన న్యాయానికి అది ఒక మధ్యేమార్గం అనుకుంటాను. సరోగసీలో మాత్రం మన చట్టమే కొంత నయం. ఇక్కడ కన్న తల్లే చట్టప్రకారం తల్లి, బిడ్డ పుట్టి ఆరు వారాలు గడిచాక గాని కోర్టు ఉత్తర్వుకు దారి లేదు. మన దగ్గర ఆ ఉత్తర్వు ముందే వస్తుంది.

23. విశ్రాంత_మాస్టారు

పిల్లలకు చెప్పడమంటే మన ఊళ్లలో జరిగే పని కాదమ్మా. ఊరంతా నోళ్లు పడతాయి.

24. లీడ్స్_లక్ష్మి

ఊరికి చెప్పమని కాదు మాస్టారూ, బిడ్డకు చెప్పమని. ఇరవై ఏళ్ల వయసులో ఏదో డీఎన్‌ఏ పరీక్షలో తనంతట తాను తెలుసుకున్న బిడ్డ, తెలిసిన విషయం కంటే దాచిన విషయానికే ఎక్కువ బాధపడుతుంది. నేను అలాంటివాళ్ల పక్కన కూర్చున్నాను. చెప్పాలా వద్దా అన్నది తల్లిదండ్రుల నిర్ణయమే, కానీ ఆ నిర్ణయం గురించి చికిత్సకు ముందే ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడించే క్లినిక్ కావాలి.

25. ఎదురుచూపు_38

మేం చెబుతాం. అది మాకు మొదట్లోనే తేలిపోయింది. మా అత్తగారికి ఇంకా తేలలేదు.

పిండశాల గారూ, ఒక్క భయం మిగిలింది. సికింద్రాబాద్ సంగతి చదివాక మా వారు రాత్రిళ్లు నిద్రపోవడం లేదు. ల్యాబ్‌లో మా వీర్యం, మా దాత అండం తారుమారు కాకుండా ఎలా చూస్తారు?

26. పిండశాల

ఇద్దరు మనుషులు, ప్రతిసారీ. నమూనా ఒక గిన్నెలోంచి మరో గిన్నెలోకి మారిన ప్రతిచోటా ఒకరు పేరూ నంబరూ బయటికి చదవాలి, రెండోవారు ఫైలులో చూసి అవునని సంతకం చేయాలి. అందరూ ఇళ్లకు వెళ్లిన ఆదివారం సాయంత్రం కూడా రెండో మనిషి వచ్చే దాకా మొదటి మనిషి చేయి కదలకూడదు. పేరును డిష్ మూత మీద కాకుండా అడుగు భాగాన రాయాలి, ఎందుకంటే మూతలు మారిపోతాయి. బల్ల మీద ఒక సమయంలో ఒకే జంటవి ఉండాలి, అవి తీసి తుడిచాకే రెండో జంటవి పెట్టాలి. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి మూడు నెలలు ఈ చదవడం, సంతకం పెట్టడం తప్ప వేరే పని ఇవ్వం.

మీరు వెళ్లిన చోట, "నా ఫైలులో సాక్షి సంతకాల పేజీ చూపించండి" అని అడగండి. చికిత్స ఇంకా మొదలుకాలేదంటే ఖాళీ పేజీ అయినా చూపించమనండి. ఆ పేజీ అసలు లేని చోట సీసీ కెమెరాలు ఎన్ని ఉన్నా లాభం లేదు.

27. ఎదురుచూపు_38

మూడు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

విజయవాడలో వేరే క్లినిక్‌కు వెళ్లాం. ఇక్కడ మీరంతా చెప్పిన ప్రశ్నలను చిన్న నోటుబుక్కులో రాసుకుని వెళ్లాను. రిసెప్షన్‌లో బ్యాంకు రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే అమ్మాయి కాపీ తీసి ఇచ్చింది. దాత వయసు 27, ఇద్దరు పిల్లల తల్లి, తలసీమియా పరీక్ష సహా అన్నీ చూపించారు. బీమా పాలసీలో పేరు మీద తెల్ల కాగితం అంటించి, తేదీలు మాత్రం కనిపించేలా ఇచ్చారు. ట్రిగ్గర్ గురించి అడిగినప్పుడు డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "ఈ ప్రశ్న జంటల్లో ఎవరూ అడగరు, మీకెవరు చెప్పారు?" అంది. నలుగురైదుగురు చెప్పారని అన్నాను. అగోనిస్టే ఇస్తామనీ, పది రోజులు రోజూ ఫోన్ చేస్తామనీ చెప్పింది. సాక్షి సంతకాల పేజీ కూడా చూశాం. ఆ రాత్రి మా వారు నిద్రపోయారు.

ఒక్క విషయంలో నిరాశ కలిగింది. పిల్లలకు చెప్పడం గురించి కౌన్సెలర్‌ను అడిగితే, "అది మీ ఇంటి విషయం" అని ముగించేశారు. లక్ష్మి గారు చెప్పిన ఆ గంట మాకు దొరకలేదు.

నిన్న అండాలు తీశారు. మేం రాజమండ్రిలోనే ఉన్నాం. సాయంత్రం ఆరున్నరకు కోఆర్డినేటర్ ఫోన్ చేసి, "దాత బాగుంది, మూడింటికి ఆటోలో ఇంటికి పంపించాం, మా నర్సు వెంట వెళ్లింది, భోజనం చేసిందట" అని చెప్పింది. ఆ తర్వాత, ఆరు అండాలు వచ్చాయనీ, వాటిలో ఐదు పనికొస్తాయనీ చెప్పింది.

28. పేరు_వద్దు

నర్సు వెంట వెళ్లిందా అక్కా?

29. ఎదురుచూపు_38

వెళ్లింది చెల్లీ. గుమ్మం దాకా వెళ్లి, వాళ్ల అమ్మకు అప్పజెప్పి వచ్చిందట.